టోడ్ లేన్ 31: నేతపనివాళ్ల కిరాణా దుకాణంపై ఒక సమీక్ష

1844 డిసెంబరు 21, శనివారం సాయంత్రం, ఉత్తర ఇంగ్లాండులోని రోచ్‌డేల్ పట్టణంలో, టోడ్ లేన్ అనే వీధిలోని 31వ నంబరు భవనం కింది అంతస్తులో ఒక కిరాణా దుకాణం తెరుచుకుంది. ఆ రోజు అందులో అమ్మకానికి ఉన్నవి సుమారు 13 కిలోల వెన్న, 25 కిలోల చక్కెర, 300 కిలోల గోధుమపిండి, ఒక బస్తా ఓట్స్ పిండి, రెండు డజన్ల కొవ్వొత్తులు. అంతే. వీటన్నిటి ఖరీదు 16 పౌండ్ల 11 షిల్లింగుల 11 పెన్నీలు (అప్పట్లో పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు). ఇంత తక్కువ సరుకు పెట్టుకొని పట్టణంలోని పెద్ద వర్తకులతో పోటీకి దిగిన వారిని చూసి, వీధిలో గుమిగూడిన మిల్లు కుర్రాళ్లు కేకలు వేసి ఎగతాళి చేశారట. ఆ దుకాణం ఇప్పుడు రోచ్‌డేల్ పయనీర్స్ మ్యూజియం. 1931 నుంచి సందర్శకుల కోసం తెరిచి ఉంది.

ఈ భవనం గురించి రాసేవారు చాలామంది దీన్ని సహకారోద్యమానికి పుట్టినిల్లుగా కొలిచి, భక్తిభావంతో నాలుగు మాటలు చెప్పి ముగిస్తారు. ఆ గౌరవం దీనికి తగినదే. అయితే పయనీర్లు అని పేరుపడ్డ దీని స్థాపకులు తెరిచింది గుడి కాదు, దుకాణం. కాబట్టి దీన్ని దుకాణంగానే పరీక్షించడం న్యాయమని నా అభిప్రాయం. సరుకు నాణ్యమైనదా, తూకం సరైనదా, ధర ఎంత, అరువు ఇస్తారా, ఎప్పుడు తెరుస్తారు, లాభం ఎవరి జేబులోకి పోతుంది అన్న ప్రశ్నలు ఏ కిరాణా దుకాణాన్నయినా అడగదగినవే. ఈ దుకాణం విషయంలో వాటికి వచ్చే జవాబులన్నీ పారిశ్రామికీకరణ సామాన్య కార్మికుడి జీవితాన్ని ఎలా మార్చిందో చెప్పే జవాబులే కావడం దీని ప్రత్యేకత. పారిశ్రామిక విప్లవం అనగానే మన చూపు మిల్లులోని యంత్రం మీదికి పోతుంది. కానీ ఆ యంత్రం దగ్గర సంపాదించిన కూలి శనివారం రాత్రికల్లా చేరేది దుకాణపు బల్ల దగ్గరికే. అక్కడ జరిగిన మార్పును చూడకుండా మిల్లులో జరిగిన మార్పు పూర్తిగా అర్థం కాదు.

రోచ్‌డేల్ మాంచెస్టర్‌కు ఈశాన్యంగా సుమారు 16 కిలోమీటర్ల దూరంలో ఉంది. మాంచెస్టర్ విక్టోరియా స్టేషను నుంచి రైలులో వెళ్లవచ్చు, లేదా నేరుగా పట్టణ కేంద్రం దాకా వచ్చే మెట్రోలింక్ ట్రామ్ ఎక్కవచ్చు. రాళ్లు పరిచిన చిన్న వీధి, పక్కనే ఒక చర్చి, ఇటుకలతో కట్టిన సాదాసీదా పాత గిడ్డంగి భవనం: బయటి నుంచి చూస్తే ఇంతకుమించి ఏమీ లేదు. లోపల కింది గదిని 1844 నాటి దుకాణంలా తీర్చిదిద్దారు. బల్ల, త్రాసు, పిండి బస్తాలు, పీపాలు ఉంటాయి. ఆ గదిలో ఉన్నవాటికంటే లేనివాటిని ముందుగా గమనించమని నా సలహా. అద్దాల బీరువాలు లేవు, అలంకారం లేదు, వస్తువుల వరసలు లేవు. బతకడానికి తప్పనిసరిగా కావలసిన ఐదు వస్తువులు, వాటిని తూచడానికి ఒక త్రాసు మాత్రమే అప్పట్లో ఉన్నాయి. చక్కెర ఒక్కటే కొంచెం విలాసం అనిపించవచ్చు కానీ, అప్పటికే మిల్లు కార్మికుడి ఇంట్లో వేడి టీ, అందులో చక్కెర, పక్కన రొట్టె కలిసి పూట గడిపే భోజనంగా మారిపోయాయి. వంటకు సమయం లేని ఇంటికి వేగంగా శక్తినిచ్చే తిండి అదే.

ఈ ఐదు వస్తువుల వెనుక ఒక వృత్తి పతనం ఉంది. రోచ్‌డేల్ ఫ్లానెల్ అనే మెత్తని ఉన్నిబట్టకు పేరుపొందిన ఊరు. అంతకు రెండు తరాల ముందు ఆ ప్రాంతపు నేతగాడు ఇంట్లోనే మగ్గం పెట్టుకొని, వర్తకుడు ఇచ్చిన నూలుతో బట్ట నేసి ఇచ్చేవాడు. భార్యాపిల్లలు నూలు వడికేవారు, కండెలు చుట్టేవారు. ఆ జీవితం సుఖమైనదని చెప్పడానికి వీల్లేదు. వర్తకుడి పీడన అప్పుడూ ఉంది, ఆకలి అప్పుడూ ఉంది. కానీ ఏ రోజు ఎంతసేపు నేయాలన్నది చాలావరకు నేతగాడి ఇష్టం. సోమవారం మగ్గం దగ్గరికి పోకుండా, శుక్ర శనివారాలలో రాత్రింబవళ్లు నేసి లెక్క సరిచేసుకోవడం సాధారణమే. మరమగ్గం వచ్చి ఈ లెక్కను మార్చివేసింది. బ్రిటన్‌లో 1813లో సుమారు 2,400గా ఉన్న మరమగ్గాలు 1829 నాటికి 55,000 దాటాయి, 1833 నాటికి లక్షకు చేరాయి, 1850 నాటికి రెండున్నర లక్షలయ్యాయి. ఇవన్నీ అంచనాలే అయినా వాటి దిశ గురించి సందేహం లేదు. పత్తి నేతలో మొదలైన ఈ మార్పు ఉన్ని నేతకు కొంత ఆలస్యంగా చేరింది. ఆ ఆలస్యం వల్ల చేమగ్గం కూలి ఒక్కసారిగా కాకుండా ఏళ్ల తరబడి, మెట్టు మెట్టుగా దిగజారింది.

1840ల ఆరంభాన్ని ఇంగ్లాండు చరిత్రలో ఆకలి దశకం అంటారు. కూలి పెంచమని రోచ్‌డేల్ ఫ్లానెల్ నేతగాళ్లు చేసిన ప్రయత్నాలు విఫలమయ్యాయి. అటువంటి ఓటమి తర్వాత నేతపనివారు, వడ్రంగులు, చెప్పులు కుట్టేవారు కొందరు కలిసి, వారానికి రెండు మూడు పెన్నీల చొప్పున చందా వసూలు చేసుకొని, చివరికి 28 పౌండ్లు కూడబెట్టారు. సభ్యులు 28 మంది అని లెక్క. వారిలో కొందరు సహకార జీవనాన్ని బోధించిన సంస్కర్త రాబర్ట్ ఓవెన్ భావాలను నమ్మినవారు, కొందరు ఓటు హక్కు కోసం పోరాడిన చార్టిస్టులు, మరికొందరు మద్యపాన వ్యతిరేకులు. కూలి పెంచుకోలేకపోయినవారు కూలి ఖర్చయ్యే చోటును తమ చేతిలోకి తీసుకున్నారు. ఈ దుకాణం పుట్టుకను ఇంతకంటే క్లుప్తంగా నేను చెప్పలేను.

ముందుగా పనివేళలు. మొదట్లో ఈ దుకాణం సోమ, శనివారాలలో, అదీ సాయంత్రం పూట మాత్రమే తెరిచేవారు. ఏ కాలంలోనైనా వారానికి రెండు సాయంత్రాలు తెరిచే కిరాణా దుకాణానికి కొనుగోలుదారు తక్కువ మార్కులే వేస్తాడు. కానీ ఆ వేళలను నిర్ణయించింది దుకాణదారుల సౌకర్యం కాదు, మిల్లు గంట. అమ్మేవారూ కొనేవారూ పగలంతా పనిలో ఉండేవారే. 1833 నాటి ఫ్యాక్టరీ చట్టం బట్టల మిల్లులలో తొమ్మిదేళ్లలోపు పిల్లల పనిని నిషేధించింది. పట్టు మిల్లులకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. 9 నుంచి 13 ఏళ్లలోపు పిల్లలకు వారానికి 48 గంటలు, 18 ఏళ్లలోపు వారికి రోజుకు 12 గంటలు అని హద్దు పెట్టింది. వయోజనులైన మగవారి పనిగంటలకు హద్దే లేదు. దుకాణం తెరిచిన 1844లోనే వచ్చిన మరో చట్టం స్త్రీలను కూడా 12 గంటల పరిమితిలోకి తెచ్చింది. అంటే అది అప్పటికి సంస్కరణ! తెల్లవారకముందే బయలుదేరి, చీకటి పడ్డాక ఇల్లు చేరే మనిషికి పగటిపూట తెరిచి ఉండే దుకాణంతో పనేముంది? ఆ రోజు సరుకుల జాబితాలో కొవ్వొత్తులు ఉండటానికి కారణం కూడా ఇక్కడే దొరుకుతుంది.

నాణ్యత విషయంలో ఈ దుకాణానికి నేను పూర్తి మార్కులు వేస్తాను. ఇక్కడ కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే పారిశ్రామికీకరణ కథలో ఇది తరచుగా వెనక్కిపోయే అధ్యాయం. పల్లెలో ఉన్నంతకాలం మనిషికి తాను తినే గింజ ఎక్కడ పండిందో, ఎవరు విసిరారో తెలుసు. పట్టణానికి వచ్చి మిల్లులో చేరిన కుటుంబానికి ఆ జ్ఞానం పోయింది. తిండి అంతా కొనుక్కోవలసిందే, కొన్నది ఏమిటో తెలియదు. రొట్టె తెల్లగా కనిపించడానికి పిండిలో పటిక కలిపేవారు. పాలలో నీళ్లు, వాడిన టీ ఆకులను మళ్లీ ఎండబెట్టి రంగు వేసి అమ్మడం వంటివి మామూలు వ్యాపార పద్ధతులుగా చలామణి అయ్యేవి. 1850ల ఆరంభంలో వైద్యుడు ఆర్థర్ హిల్ హాసల్ సూక్ష్మదర్శినితో లండన్ ఆహార పదార్థాలను పరీక్షించి, ఫలితాలను లాన్సెట్ అనే వైద్య పత్రికలో దుకాణదారుల పేర్లతో సహా ప్రచురించేదాకా ఈ కల్తీ ఎంత విస్తృతమైనదో పాలకులు గుర్తించలేదు. 1858లో, రోచ్‌డేల్‌కు అంత దూరమేమీ కాని బ్రాడ్‌ఫర్డ్‌లో, చక్కెర ఖర్చు తగ్గించడానికి మిఠాయిలో సున్నపుపొడి వంటిది కలపబోయి, పొరపాటున ఆర్సెనిక్ కలిపారు. సుమారు 20 మంది చనిపోయారు. ఆహార కల్తీపై మొదటి సాధారణ చట్టం 1860లో వచ్చింది, అది బలహీనమైనది. గట్టి చట్టం కోసం 1875 వరకు ఆగవలసి వచ్చింది.

టోడ్ లేన్ దుకాణం కల్తీ లేని సరుకు, నిండు తూకం అన్న రెండు నియమాలను ఆ చట్టాలకంటే చాలా ముందే పెట్టుకుంది. ఇందులో నీతితోపాటు ఒక సులువైన తర్కం ఉంది. అమ్మేవాడూ కొనేవాడూ ఒకరే అయినప్పుడు పిండిలో పటిక కలిపి మోసం చేయడానికి ఎవరూ మిగలరు. నేటి మ్యూజియం గదిలో ఆ త్రాసును చూసేటప్పుడు ఈ విషయం గుర్తుంటే మంచిది. మిల్లులో నేసిన బట్టను కొలిచే అధికారం యజమానిది, లోపం ఉందని జరిమానా వేసే అధికారం మేస్త్రీది. ఆ మనుషుల జీవితంలో కొలత తమ చేతిలో ఉన్న చోటు ఈ బల్ల ఒక్కటే.

అరువు సంగతికి వస్తే నా అభిప్రాయం అంత సూటిగా ఉండదు. పయనీర్ల దుకాణంలో అరువు లేదు. అంతా నగదే. ఈ నియమం ఎందుకు పెట్టుకున్నారో అర్థం చేసుకోవడం కష్టం కాదు. కూలి వారానికొకసారి వస్తుంది, మిల్లు ఆగితే రాదు. ఆ మధ్యలో పొయ్యి వెలగాలంటే వీధి మూలన ఉన్న దుకాణంలో ఖాతా రాయించుకోవాలి. ఖాతా ఉన్న దుకాణాన్ని వదిలి మరో చోటికి పోలేరు కాబట్టి అక్కడ ఏ ధర చెబితే ఆ ధర, ఏ పిండి ఇస్తే ఆ పిండి. కొన్ని ప్రాంతాలలో యజమానులు డబ్బుకు బదులు తమ సొంత దుకాణంలో సరుకులే కూలిగా ఇచ్చేవారు. అనేక వృత్తులలో ఆ పద్ధతిని 1831 నాటి చట్టం నిషేధించినా, దాన్ని తప్పించుకునే దారులు చాలాకాలం సాగాయి. నగదు కూలి కార్మికుడికి ఇచ్చిన స్వేచ్ఛను అరువు ఖాతా మళ్లీ లాక్కుంటుంది. పైగా అంతకు ముందు రోచ్‌డేల్‌లోనే 1830లలో నడిచిన ఒక సహకార దుకాణం అరువుల వల్లనే మూతపడింది. కాబట్టి పయనీర్ల పట్టుదలకు అనుభవమే ఆధారం.

అయినా ఈ నియమం అందరికన్నా పేదవారిని గడప బయటే నిలబెట్టింది. పని పోయినవాడు, రోగంతో పడుకున్నవాడు, పసిపిల్లలతో మిగిలిపోయిన వితంతువు శనివారం దాకా ఆగగలిగిన స్థితిలో ఉండరు. వాటా ధర ఒక పౌండు, దాన్ని వారం వారం పెన్నీల రూపంలో కట్టవచ్చు. ఆ పెన్నీలు కూడా మిగలని ఇళ్లు ఆ ఊళ్లో చాలా ఉండేవి. ఈ దుకాణం కార్మికవర్గమంతటిదీ అనడం కంటే, ఆ వర్గంలో క్రమంగా పని దొరికి, కొంత క్రమశిక్షణ పాటించగలిగిన కుటుంబాలది అనడం నిజానికి దగ్గరగా ఉంటుంది. దీన్ని మెచ్చుకునేవారు ఈ హద్దును కూడా చెప్పాలి.

ధర ఎలా ఉండేది? చవకగా అమ్ముతారనుకొని వెళ్లినవారికి నిరాశే. పయనీర్లు బజారు ధరకే అమ్మేవారు. వారి అసలు ప్రయోగం అమ్మకం తర్వాత మొదలవుతుంది. ఖర్చులు, పెట్టుబడిపై పరిమితమైన వడ్డీ పోగా మిగిలిన లాభాన్ని వాటాల ప్రకారం కాకుండా, ఎవరు ఎంత కొన్నారో ఆ నిష్పత్తిలో పంచేవారు. ఈ పద్ధతికి చార్లెస్ హోవర్త్ పేరు చెబుతారు. ఉదాహరణకు ఏడాదిలో 20 పౌండ్ల సరుకు కొన్న కుటుంబానికి, పౌండుకు రెండు షిల్లింగుల చొప్పున డివిడెండు వస్తే, రెండు పౌండ్లు చేతికి వస్తాయి. అది ఆ రోజుల్లో ఒక మిల్లు కుటుంబానికి చిన్న మొత్తం కాదు. దాన్ని తీసుకోకుండా దుకాణంలోనే వదిలేస్తే వాటాగా పెరుగుతుంది. తినడం ద్వారానే దాచుకోవడం అన్నమాట. వారం వారం ఒక పెన్నీ కూడా మిగలని ఇంటికి, తెలియకుండానే ఒక పెద్ద మొత్తం ఒక్కసారిగా చేతికి రావడంలో ఎంత ఊరట ఉందో ఊహించవచ్చు. పిల్లవాడి బూట్లు, చలికాలపు కోటు, పేరుకున్న ఇంటి అద్దె ఆ డబ్బుతోనే తీరేవి. ధర తగ్గించి ఉంటే ఆ పెన్నీలు వారంలోనే కరిగిపోయేవి. కొనుగోలుదారుగా నాకు తగ్గింపు ధరే ఇష్టం కానీ, వారి పరిస్థితిలో వారి లెక్కే సరైనదని ఒప్పుకోక తప్పదు.

ఇక యాజమాన్యం. ఎన్ని వాటాలున్నా ఒక మనిషికి ఒకే ఓటు, ఆడవారికి కూడా. ఈ వాక్యం నేడు మామూలుగా వినిపిస్తుంది. 1832 నాటి సంస్కరణ చట్టం ప్రకారం పట్టణాలలో పార్లమెంటు ఓటు రావాలంటే ఏటా 10 పౌండ్ల విలువ చేసే ఇల్లో దుకాణమో ఉండాలి. పయనీర్లు ఈ కింది అంతస్తుకు కట్టిన అద్దె కూడా ఏడాదికి సరిగ్గా 10 పౌండ్లే. ఇరవై ఎనిమిది మంది కలిస్తే గాని ఒక ఓటరు విలువ రాలేదని ఎవరైనా హాస్యానికి అనవచ్చు. పట్టణ కార్మికులలో ఎక్కువమంది మగవారికి పార్లమెంటు ఓటు 1867 తర్వాతే వచ్చింది, స్త్రీలకు 1918లో మొదలై 1928లో పూర్తయింది. 1870 చట్టానికి ముందు పెళ్లయిన స్త్రీ సంపాదించిన కూలి కూడా చట్టం దృష్టిలో భర్తదే. అటువంటి కాలంలో, 1846లో, ఎలైజా బ్రియర్లీ అనే మహిళ తన పేరు మీద ఈ సంఘంలో సభ్యురాలయింది. మిల్లు స్త్రీని కార్మికురాలిగా మార్చింది గాని ఆమె డబ్బును ఆమెది కానివ్వలేదు. దుకాణం ఆ పనిని ఒక చిన్న ఖాతా పుస్తకంతో కొంతవరకు చేసింది. కమిటీలలో మాత్రం మగవారే చాలాకాలం కూర్చున్నారన్నది కూడా నిజమే.

పై అంతస్తుల గురించి క్లుప్తంగా చెబుతాను. వ్యాపారం పెరిగాక పయనీర్లు భవనంలోని మిగతా భాగాన్ని కూడా తీసుకొని వార్తాపత్రికలు చదువుకునే గది, గ్రంథాలయం పెట్టారు. 1853 నుంచి లాభంలో రెండున్నర శాతాన్ని చదువుకు కేటాయించారు. ప్రాథమిక విద్యపై దేశవ్యాప్త చట్టం వచ్చింది 1870లో.

దుకాణం ఎదిగిన తీరును అంకెలే బాగా చెబుతాయి. 1845లో 74 మంది సభ్యులు, 710 పౌండ్ల అమ్మకాలు. 1850లో 600 మంది, 13,179 పౌండ్ల అమ్మకాలు. 1860లో 3,450 మంది, 1,52,063 పౌండ్ల అమ్మకాలు. మధ్యలో వచ్చిన పెద్ద పెరుగుదలకు ఒక కారణం పొరుగువారి పతనం: 1849లో రోచ్‌డేల్ సేవింగ్స్ బ్యాంకు అక్రమాల వల్ల కూలిపోయింది, కష్టపడి దాచుకున్నవారు నష్టపోయారు. 1848లో 140గా ఉన్న సభ్యుల సంఖ్య మరుసటి ఏడాదికి 390 అయింది. గౌరవనీయులైన పెద్దమనుషులు నడిపిన బ్యాంకుకంటే నేతపనివాళ్ల పిండి దుకాణం భద్రమైనదని ఊరు తేల్చుకుంది. కొనేవాళ్లు ఇంతమంది అయ్యాక టోకు సరుకు కూడా తామే తెచ్చుకోవాలన్న ఆలోచన సహజంగా వచ్చింది. 1863లో మాంచెస్టర్ కేంద్రంగా సహకార టోకు సంఘం ఏర్పడింది, 1873 నాటికి అది సొంతంగా బిస్కట్లు, బూట్లు తయారు చేయడం మొదలుపెట్టింది.

ఈ ఏటేటి అంకెలలో నన్ను ఎక్కువసేపు ఆపినవి 1862వి. అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తి దిగుమతి ఆగిపోయి, రోచ్‌డేల్ ఉన్న లాంకషైర్ ప్రాంతపు మిల్లులు మూతపడ్డ కాలం అది. 1861లో 3,900 ఉన్న సభ్యులు 3,501కి తగ్గారు, అమ్మకాలు 1,76,206 పౌండ్ల నుంచి 1,41,074కు పడిపోయాయి, సభ్యుల పెట్టుబడి 42,925 పౌండ్ల నుంచి 38,465కు దిగింది. ఆ తగ్గిన నాలుగున్నర వేల పౌండ్లను పుస్తకాలలో నష్టంగా చదవవచ్చు. నాకు మాత్రం అది ఈ దుకాణం చేసిన అత్యుత్తమ సేవగా కనిపించింది. ఏళ్ల తరబడి రొట్టె కొనగా పోగైన డబ్బును పని లేని రోజుల్లో తీసుకొని, బిచ్చపు సహాయం ముందు నిలబడకుండా కొంతకాలమైనా గడిపిన కుటుంబాలు ఆ అంకె వెనుక ఉన్నాయి. వేల మైళ్ల దూరంలో జరిగే యుద్ధానికి రోచ్‌డేల్‌లో పొయ్యి ఆరిపోవడం పారిశ్రామిక జీవితం తెచ్చిన కొత్త రకం ప్రమాదం. ఇంట్లో మగ్గం, పక్కన కాస్త తోట ఉన్న తాతకు అది అంతగా తెలియదు. మరుసటి ఏడాదికే సభ్యులు 4,013కు పెరిగారు.

ఈ దుకాణం మీద నా అసలు ఫిర్యాదు దుకాణానిది కాదు, దాని నుంచి పుట్టిన మిల్లుది. పయనీర్లలో కొందరు కలిసి 1854లో ఒక సహకార వస్త్ర సంఘాన్ని స్థాపించి, మిచెల్ హే దగ్గర మిల్లు నడిపారు. లాభంలో పెట్టుబడి పెట్టినవారికి ఎంతో, అక్కడ పనిచేసే కార్మికులకు కూడా అంత వాటా ఇవ్వాలన్నది మొదటి నియమం. మిల్లు బాగా నడిచింది, లాభాలు చూసి బయటి వాటాదారులు వచ్చి చేరారు, చివరికి 1862లో ఓటు వేసి కార్మికుల వాటాను రద్దు చేశారు. రద్దు చేసినవారిలో చాలామంది తామూ కూలిమనుషులే కావడం ఇందులో చేదు. కొనుగోలుదారులుగా అంత చక్కగా కలిసి నిలిచినవారు, ఇతరుల శ్రమ మీద లాభం వచ్చే స్థానంలోకి రాగానే మిల్లు యజమానిలాగే ఆలోచించారు. త్రాసు దగ్గర కుదిరిన సమానత్వం యంత్రం దగ్గర కుదరలేదు. టోడ్ లేన్ విజయం గురించి చెప్పేటప్పుడు ఊరిలోనే జరిగిన ఈ ఓటమిని పక్కన పెట్టడం నిజాయితీ కాదు.

అలాగే ఈ దుకాణం చేయలేని పనులు కూడా ఉన్నాయి. పనిగంటలు తగ్గించింది డివిడెండు కాదు, 1847 నాటి పది గంటల చట్టం. శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు స్త్రీలు, యువకులు మిల్లు విడిచి ఇంటికి పోయే హక్కు 1850 చట్టంతో వచ్చింది. ఆ చట్టాల వెనుక దశాబ్దాల కార్మికుల ఆందోళన ఉంది. రోచ్‌డేల్‌కే చెందిన మిల్లు యజమాని, ప్రసిద్ధ ఉదారవాద నాయకుడు జాన్ బ్రైట్ రొట్టె ధర తగ్గించడానికి దిగుమతి ధాన్యం మీది సుంకాలకు వ్యతిరేకంగా ఎంత గట్టిగా పోరాడాడో, పనిగంటల చట్టాన్ని అంత గట్టిగా వ్యతిరేకించాడు. కార్మికుడికి చవక రొట్టె కావాలి, కానీ దాన్ని తీరుబడిగా తినే సమయం మాత్రం చట్టంతో ఇవ్వకూడదన్నమాట! పయనీర్లు రొట్టె సంగతి చూసుకున్నారు. సమయం సంగతి సంఘాలూ చట్టాలూ చూసుకోవలసి వచ్చింది.

ఎవరు వెళ్లాలి అని అడిగితే, భారీ యంత్రాలూ ఆవిరి చప్పుడూ ఆశించేవారికి ఈ చోటు నచ్చకపోవచ్చు. వారు మాంచెస్టర్‌లోని సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియం, స్టయల్ దగ్గరి క్వారీ బ్యాంక్ మిల్లు చూడటం మేలు. వీలైతే ముందు మిల్లు చూసి, ఆ తర్వాత ఈ దుకాణానికి రండి, ఎందుకంటే పన్నెండు గంటల పని దేనికోసం అన్న ప్రశ్న మనసులో ఉన్నప్పుడే ఈ ఐదు సరుకులకు బరువు వస్తుంది. బడి పిల్లలకు చెప్పడానికి ఇది చాలా అనువైన చోటు. డివిడెండు లెక్కను కాగితం మీద వేసి చూపిస్తే పదేళ్ల పిల్లలకు కూడా అర్థమవుతుంది. సహకార సంఘాలలో పనిచేసేవారు, ముఖ్యంగా వాటి కమిటీలలో ఉన్నవారు, మిచెల్ హే కథను ముందే తెలుసుకొని వెళితే ఇంకా ఉపయోగం. పూట సమయం ఉన్నవారు అక్కడి నుంచి కొద్ది దూరం నడిచి, 1871లో ప్రారంభమైన రోచ్‌డేల్ టౌన్ హాలును కూడా చూడవచ్చు. దుకాణం తెరిచిన 27 ఏళ్లకు, మిల్లుల సంపద మీద బతికిన ఆ పట్టణం తన గొప్పతనాన్ని చాటుకోవడానికి కట్టుకున్న గోతిక్ శైలి భవనం అది. రెండింటినీ ఒకే రోజు చూడండి, టోడ్ లేన్‌ను ముందు.